గోడ మీది ఐన్‌స్టీన్

ప్రశ్న: మా పాప చదివే బడి గోడ మీద "తేనెటీగలు లేకుండా పోతే మనిషికి మిగిలేది నాలుగేళ్ళే" అని ఒడియాలో రాసి, కింద ఐన్‌స్టీన్ పేరు పెట్టారు. ఆయన ఈ మాట ఎప్పుడు, ఎక్కడ అన్నారో ప్రాజెక్టులో రాయమన్నారట. ఎలా వెతకాలండీ?
— ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: ఆయన ఆ మాట అన్నారనడానికి ఆధారమే లేదమ్మా. ఐన్‌స్టీన్ 1955 ఏప్రిల్ 18న పోయారు. ఆయన రాతల్లో గానీ ప్రసంగాల్లో గానీ ఈ మాట ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఆయన బతికుండగా అచ్చయిన జాడ ఒకటుంది. 1941లో కెనడా తేనెటీగల పత్రికలో ఒకాయన, "నాకు గుర్తున్నంతవరకు ఐన్‌స్టీనే అన్నాడు" అంటూ, తేనెటీగ పోతే దాంతోపాటే లక్ష రకాల మొక్కలు పోతాయని రాశాడు. అందులో మనిషీ లేడు, నాలుగేళ్ళూ లేవు. ఆ లక్ష మొక్కల లెక్క 1901లోనే బెల్జియం రచయిత మేటర్లింక్ తేనెటీగల మీద రాసిన పుస్తకంలో ఉంది. పాపం, ఆ కెనడా పత్రికాయనకు పేరు దగ్గర గుర్తు తప్పినట్టుంది. నాలుగేళ్ళ గడువు 1965లో ఒక ఫ్రెంచి తేనెటీగల పత్రికలో కనిపిస్తుంది. 1994లో బ్రస్సెల్స్‌లో ధర్నాకు దిగిన ఫ్రెంచి పెంపకందార్లు దాన్ని కరపత్రంలో వేసుకున్నారు. 2007లో అమెరికాలో తేనె పెట్టెలు ఖాళీ అవుతున్నాయన్న వార్తలతో పత్రికలన్నిటికీ ఎక్కింది.

ఇక వెతకడం. ఒడియాలోనో తెలుగులోనో వెతికితే ఈమధ్య పోస్టర్లే వస్తాయి. ఇంగ్లీషులోకి వెళ్ళండి, కానీ వాక్యం మొత్తం కొట్టకండి. ఒకచోట నాలుగేళ్ళు, ఇంకోచోట రెండేళ్ళు అని ఉంటుంది కనుక అంకె వదిలేసి, మారని నాలుగైదు మాటలు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. గూగుల్ బుక్స్‌లో తేదీని 1955 దగ్గర ఆపండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే: పత్రికల సంపుటాలకు గూగుల్ చాలాసార్లు మొదటి సంచిక వచ్చిన ఏడాదే వేస్తుంది. 1920 అని చూపించిన పేజీ 1990లది కావచ్చు. అదే సంపుటంలో "1985", "1992" అని వెతికి చూడండి. దొరికాయంటే ఆ తేదీ తప్పు. వీలైతే పాత పుస్తకాలు, పత్రికల స్కాన్లు ఉంచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో ఆ సంచిక ముఖపత్రం స్కాన్ చూడాలి.

ఐన్‌స్టీన్ రచనల సంపుటాలు ప్రిన్‌స్టన్ ప్రెస్ సైటులో ఉచితం. అయితే ఆయన చివరి ఇరవై ఏళ్ళు ఇంకా వాటిలోకి రాలేదు. అందులో లేదు కాబట్టి అనలేదని తేల్చకూడదు. ఆ లోటుకు ఆలిస్ కాలాప్రైస్ కూర్చిన ఐన్‌స్టీన్ మాటల 2010 సంకలనం పనికొస్తుంది. ఆయన పేరున చెలామణి అయ్యే అనుమానపు మాటలకు అందులో విడిగా ఒక విభాగమే ఉంది.

మాటలోని సంగతి కూడా సగమే నిజం. వరి, చోళ్ళు (రాగులు) తమ పుప్పొడితోనే గింజ కడతాయి. మొక్కజొన్నకు గాలి చాలు. తేనెటీగలు లేకపోతే మీ వైపు దెబ్బ తగిలేది కొరాపుట్ కొండల్లో నూనెగింజల పంట వలిసెలకు, పెరట్లో గుమ్మడికి. వలిసె పువ్వు సొంత పుప్పొడితో గింజ కట్టడం బహు తక్కువ. గుమ్మడికి మగ పువ్వు వేరు, ఆడ పువ్వు వేరు. ప్రాజెక్టులో "ఐన్‌స్టీన్ పేరుతో ప్రచారంలో ఉన్న మాట" అని రాసి, పై ఏళ్ళు వరసగా వేయమనండి.

ప్రశ్న: "జ్ఞానం కన్నా ఊహాశక్తి ముఖ్యం" కూడా ఇలాంటిదేనా?
— ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: కాదు, అది ఆయనదే. 1929 అక్టోబరు 26 నాటి సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్‌లో వీరెక్ అనే పాత్రికేయుడు చేసిన ఇంటర్వ్యూలో ఉంది. ఇంటర్వ్యూ కాబట్టి పిల్లలచేత "అన్నారు" అని రాయించండి, "రాశారు" అని కాదు.