గల్ఫ్‌కు కొత్తగా వస్తున్నారా? నీళ్ల సంగతి, ఎండ సంగతి ముందే తెలుసుకోండి

వీసా చేతికొచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందు జీతం గురించి అడుగుతారు, ఆ తర్వాత రూము, తిండి గురించి. నీళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ. ఒకరిద్దరు మాత్రం "ఎడారి కదన్నా, అక్కడ నీళ్లకు కటకటా?" అంటారు. నేను మొదట కువైట్‌లో, ఆ తర్వాత అబుదాబిలో పనిచేసి ఇటువైపే ఉండిపోయాను. అందుకని ఈ ప్రశ్నకు కాస్త వివరంగానే జవాబు చెబుతాను.

కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. బిందెలు పట్టుకుని క్యూలో నిలబడాల్సిన పని లేదు. అయితే ఆ నీళ్లు నదివీ కావు, చెరువువీ కావు. కువైట్‌లో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. ఒకప్పుడు ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకునేవారు. 1950ల నుంచి సముద్రపు నీటిని మరిగించి, ఉప్పు తీసేసి తాగుతున్నారు. ఇప్పుడు కువైట్ తాగునీటిలో దాదాపు 90 శాతం, ఒమాన్‌లో 86 శాతం, సౌదీలో 70 శాతం ఇలా ఫ్యాక్టరీల్లో తయారయ్యేదే అని లెక్క. చాలాచోట్ల కరెంటూ, నీళ్లూ ఒకే ప్లాంటులో, ఆయిల్, గ్యాస్ మండించి తీస్తారు. మీరు వదిలేసే ప్రతి బకెట్టు వెనుకా కాలిన ఇంధనం ఉంది. ఆ పొగే ఇక్కడి ఎండను ఇంకా పెంచుతోంది. తీసేసిన ఉప్పు మళ్లీ అదే సముద్రంలోకి పోతుంది. ఈ గల్ఫ్ సముద్రం లోతు సగటున 35 మీటర్లే, దాంతో ఉప్పదనం త్వరగా పెరుగుతుంది. 2008, 2009లో ఎర్రటి నాచు కమ్మేసినప్పుడు యూఏఈ, ఒమాన్‌లలో కొన్ని ప్లాంట్లు ఆపేయాల్సి వచ్చింది.

ఈ భయం ప్రభుత్వాలకు బాగా తెలుసు. అబుదాబి వాళ్లు లివా ఎడారిలో ఇసుక కింద 2.6 కోట్ల ఘనపు మీటర్ల మంచినీటిని దాచి పెట్టారు. నింపడానికే 27 నెలలు పట్టింది. ఏదైనా ఆపద వస్తే మనిషికి రోజుకు 180 లీటర్ల చొప్పున పది లక్షల మందికి 90 రోజులు సరిపోతుంది. యూఏఈ 2036 నాటికి నీటి వాడకాన్ని 21 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది. సౌదీ 2019లో 'ఖత్రా' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి అక్కడ మనిషి సగటు వాడకం రోజుకు 263 లీటర్లు. దాన్ని 2030 నాటికి 150కి దించాలన్నది వాళ్ల ఆలోచన. మన మిషన్ భగీరథలో పల్లెలకు పెట్టుకున్న లెక్క మనిషికి 100 లీటర్లు. నీళ్లే లేని దేశంలో అంతకు రెండున్నర రెట్లు వాడుతున్నారంటే, బిల్లు మీద ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీయే పెద్ద కారణమని నా అభిప్రాయం. ధర తెలియని వస్తువును ఎవరూ పొదుపు చేయరు.

సౌదీ గోధుమల కథ జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చేవాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు. వేల ఏళ్ల కిందట భూమిలో చేరిన నీటిని తోడి, 1990ల మొదట్లో సౌదీ గోధుమలు ఎగుమతి చేసే స్థాయికి వెళ్లింది. ఆ నీళ్లు మళ్లీ ఊరవు. 2008లో ఇక తగ్గించుకోవాలని తేల్చి, 2016 నాటికి సొంత రైతుల దగ్గర గోధుమలు కొనడం ఆపేసింది. బోరు మీద బోరు వేసి, నీళ్లు పడక, అప్పులు తీర్చడానికి విమానం ఎక్కినవాళ్లు మనలో ఎంతమంది లేరు? వాళ్లకు ఆ నిర్ణయం బరువు తెలుస్తుంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. ఈ దేశాలు రాబోయే ఆపద కోసం ఇసుక కింద నీళ్లు దాస్తున్నాయి. మనవాళ్లు మాత్రం ఎండలో పనిచేస్తూ తమ ఒంట్లో నీళ్లు ఎంత ఉన్నాయో చూసుకోవడం లేదు. నాకు ఎక్కువ బాధ అనిపించేది ఇదే. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న అంకె అది. అయినా నన్నడిగితే ఎడారి లోపలి పొడి ఎండ కన్నా ఆగస్టులో సముద్రం పక్క ఉక్కపోతే ప్రమాదం. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుకే ఖతార్‌లో ఎండతోపాటు గాలిలో తేమనూ కలిపి కొలుస్తారు. ఆ కొలత 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా బయట పని ఆపాలన్నది 2021 నుంచి అక్కడి నిబంధన.

మధ్యాహ్నం పని ఆపే చట్టం అన్నిచోట్లా ఉంది, వేళలే వేరు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు 11 నుంచి 4 దాకా. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు 12 నుంచి 3 దాకా. యూఏఈలో తేదీలు అవే, వేళ 12:30 నుంచి 3 దాకా. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు 10 నుంచి 3:30 దాకా. యూఏఈలో చట్టం మీరిన కంపెనీకి మనిషికి 5,000 దిర్హాముల చొప్పున, 50,000 దాకా జరిమానా పడుతుంది. పైపు పగలడం, కరెంటు పోవడం వంటి అత్యవసర పనులకు మినహాయింపు ఉంది కానీ, అప్పుడు కూడా నీడ, చల్లటి నీళ్లు కంపెనీయే ఇవ్వాలి. ఫోర్‌మన్ "పది నిమిషాలే, అయిపోతుంది" అంటే, ఈ వేళలు మీకు తెలుసని మెల్లగానే చెప్పండి. ఒక్కరే చెప్పడానికి జంకితే నలుగురు కలిసి చెప్పండి.

కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారమే గండం. వేడికి ఒళ్లు అలవాటు పడాలంటే ఒకటి రెండు వారాలు కావాలి. మొదటి రోజు ఎండలో పని ఐదో వంతు మించకుండా, రోజుకు కొంత పెంచుకుంటూ పోవాలని భద్రతా నిపుణులు చెబుతారు. సెలవు మీద ఊరికెళ్లి నెలా రెండు నెలలకు తిరిగొచ్చిన పాతవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. "నాకు అలవాటే" అని మొదటి రోజే పూర్తి పనికి దిగకండి.

దాహం వేసేదాకా ఆగకండి. పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఒక గ్లాసు తాగండి. ఒకేసారి లీటర్లు పట్టించడం కూడా మంచిది కాదు. సైట్‌లో టాయిలెట్ దూరమని నీళ్లు తగ్గించేవాళ్లు చాలామంది. మూత్రపిండాల్లో రాళ్లు, మంట, ఇంకా ముదిరితే కిడ్నీ దెబ్బతినడం ఆ అలవాటుతోనే మొదలవుతుంది. ఇక్కడి నుంచి తిరిగెళ్లిన నేపాలీ కుర్రాళ్లలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపిస్తున్నాయని అక్కడి డాక్టర్లు చెబుతున్నారు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలడం లేదని అర్థం. ఎనర్జీ డ్రింకుల జోలికి పోవద్దు. ప్రతి బకాలాలోనూ, అంటే ఇక్కడి కిరాణా కొట్టులో, లబన్ దొరుకుతుంది, మన మజ్జిగే అనుకోండి. చిటికెడు ఉప్పు వేసుకుని తాగండి. సూట్‌కేసులో పచ్చళ్లతోపాటు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లకూ చోటివ్వండి. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఉప్పు విషయం డాక్టరును అడిగే చేయండి.

"కుళాయి నీళ్లు తాగొచ్చా?" ప్లాంటు నుంచి వచ్చే నీళ్లు శుభ్రమైనవే. తేడా వచ్చేది మీ బిల్డింగు పైన ఉన్న ట్యాంకుతోనే. అది ఎప్పుడు కడిగారో వాచ్‌మన్‌ను అడగండి. జవాబు నచ్చకపోతే తాగడానికి పెద్ద క్యాను తెప్పించుకోండి. జూలైలో ఆ ట్యాంకు నీళ్లు ఒళ్లు కాలేంత వేడిగా ఉంటాయి. గీజర్ ఆపేసి, దాని కుళాయి నుంచి పట్టుకుంటే లోపల నిలవున్న నీళ్లు కాస్త చల్లగా వస్తాయి. ఇక్కడ పాతవాళ్లందరం చేసేది అదే.

ఇళ్లలో పనిచేసే చెల్లెళ్లకు ఒక మాట. మధ్యాహ్నం విరామం చట్టం బయట పని గురించే కాబట్టి, వంటింటి వేడి దానిలోకి రాదు. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2015లో వేరే చట్టం వచ్చింది. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. మధ్యాహ్నం వాకిలి కడగమంటే, కారు తుడవమంటే, సాయంత్రం చేస్తానని మేడమ్‌ను అడగండి. అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ.

పక్కనున్నవాడు మాట తడబడుతున్నా, తికమకగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బే అనుకోండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ముందు ఒంటి మీద నీళ్లు పోయండి, గాలి విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. అంబులెన్సుకు యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతార్, బహ్రెయిన్‌లలో 999, ఒమాన్‌లో 9999. సైట్‌కూ, క్యాంపుకూ సరైన అడ్రసు ఉండదు కాబట్టి, చేరిన రోజే రెండింటి లొకేషన్ ఫోన్‌లో సేవ్ చేసుకోండి. రూములో అందరికీ పంపండి.