నల్లరేగడిలో వాన నీరు: ముందు సంపు, తర్వాతే ఇంకుడు గుంట

దర్శి శివార్లలో నల్లరేగడి స్థలంలో ఇల్లు కడుతున్నామని, బోరు నీరు ఉప్పగా ఉండటమే కాక పరీక్షలో ఫ్లోరైడ్ లీటరుకు 2.6 మిల్లీగ్రాములు వచ్చిందని, డాబా మీది వాన నీటిని ఇంకుడు గుంట ద్వారా భూమిలోకి పంపితే ఆ బోరు నీరు తాగటానికి పనికివస్తుందా, గుంట ఎంత లోతు తీయాలి అని మీరు అడిగారు. పొదిలి దగ్గర ఎర్రనేలలో ఉన్న మా ఇంటికీ, మీలాగే రేగడిలో కట్టుకున్న మా చెల్లెలి ఇంటికీ ఈ ఏర్పాట్లు దగ్గరుండి చేయించినవాణ్ణి కాబట్టి సూటిగానే చెబుతాను. బోరు నీరు మారుతుందన్న ఆశతో గుంట తీయకండి. తాగటానికి, వంటకు కావలసిన వాన నీటిని సంపులో పట్టి దాచుకోండి. సంపు నిండి పొర్లే నీటిని మాత్రమే భూమికి ఇవ్వండి, అదీ మీ నేల దాన్ని తీసుకుంటుందని తేలిన తర్వాతే.

ఫ్లోరైడ్ మన ప్రాంతానికి కొత్త కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఉన్నట్లు 1937లో మొదటిసారి వెల్లడైంది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు ఆ జిల్లాలోనివే. లోపం వానలో లేదు, అడుగున ఉన్న రాతిలో ఉంది. గ్రానైటు జాతి రాళ్లలోని కొన్ని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. నీరు ఆ పగుళ్లలో ఎంతకాలం నిలిచి ఉంటే అంత కరుగుతుంది, నీటిలో సోడియం పెరిగి కాల్షియం తగ్గితే ఇంకా ఎక్కువ కరుగుతుంది. తాగునీటి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు. మీ డాబా నీరు గుంటలో ఇంకినా అది మీ బోరు దాకానే వస్తుందన్న నమ్మకం లేదు, పగుళ్లు ఎటు తీసుకుపోతే అటు పోతుంది. ఒకవేళ వచ్చి కార్తీకంలో ఫ్లోరైడ్ కొంత పలచబడినా, ఎండలు ముదిరేసరికి మళ్లీ మొదటికి రావచ్చు. కాచితే పోతుందని మా ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. కాచినకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడ్ చిక్కబడుతుందే తప్ప తగ్గదు. డాబా పైపును నేరుగా బోరు కేసింగులోకి దింపేవాళ్లనూ చూశాను. పిట్టల రెట్టలతో సహా కడిగిన నీటిని మట్టి వడపోత కూడా లేకుండా పాతాళానికి పంపటం అది. దయచేసి ఆ పని చేయకండి.

ఇక నేల సంగతి. రేగడి వేసవిలో నెర్రెలు విచ్చి ఉంటుంది కాబట్టి తొలి వానను గటగటా తాగేస్తుంది, అది చూసి చాలామంది మోసపోతారు. తడిసి ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక అదే నేల గంటకు 5 మిల్లీమీటర్ల నీటిని కూడా తీసుకోదు. ఇసుక నేలైతే 30 మిల్లీమీటర్లకు పైగా తీసుకుంటుంది. అందువల్ల ఎన్ని అడుగుల గుంట అనే ప్రశ్నకు అంకెతో జవాబు లేదు, రేగడి పొర దాటి గరుసో, శిథిలమైన రాయో తగిలేదాకా అన్నదే జవాబు. పునాదులు తీసేటప్పుడే ఆ పొర ఎంత లోతులో ఉందో చూసి పెట్టుకోండి. అక్కడ అడుగు వెడల్పు, అడుగు లోతు చిన్న గుంట తీసి, ముందురోజు సాయంత్రం నీళ్లు పోసి నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి, స్కేలు నిలబెట్టి గంటకు ఎంత దిగిందో రాసుకోండి. పొడి గుంటలో కొలిచిన లెక్క లెక్క కాదు.

మరొక పరీక్షకు పైసా ఖర్చు లేదు. చిక్కుడు గింజంత మట్టిబెడ్డను ఎండబెట్టి, గాజు గ్లాసులో వాన నీరు పోసి అందులో మెల్లగా వదలండి, కదిలించకండి. బెడ్డ విరిగి పొడిపొడిగా అడుగున పడి పైనీరు తేటగా ఉంటే మంచిదే. బెడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు లేచి, తెల్లవారినా నీరు తేరకపోతే ఆ మట్టిలో సోడియం ఎక్కువ, అంటే చవుడు. అలాంటి మట్టిలో వాన నీరు దిగితే బంక రేణువులు విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి. దిగిన కాస్త నీరూ సోడియం పుచ్చుకుని కాల్షియం పోగొట్టుకుంటుంది కాబట్టి ఫ్లోరైడ్ విషయంలో మీకు ఎదురు పనిచేస్తుంది. ఈ పరీక్షకు బోరు నీరు వాడకూడదు, అందులోని ఉప్పు బెడ్డను పట్టి ఉంచి చవుడును కనబడనీయదు. మా చెల్లెలి ఇంటి వెనక మట్టి సరిగ్గా ఇలాగే మబ్బు కట్టింది. అందుకే అక్కడ గుంట మానిపించి పొర్లు నీటిని వీధి కాలువ దాటించి పక్కనున్న కుంటకు మళ్లించాము. గుంట తీయాలని మీరు తేల్చుకుంటే గోడకు ఆనించి మాత్రం తీయించకండి. వాళ్ల వీధిలోనే ఒక మేస్త్రీ స్థలం కలిసొస్తుందని మెట్ల పక్కనే గుంట పెట్టాడు; ఒక పక్క రేగడి తడిసి ఉబ్బి, రెండో పక్క ఎండి కుంగి, మెట్ల గోడ ఏటవాలుగా వేలు దూరేంత చీలింది.

సంపు లెక్క దీనికంటే సులువు. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్లు. ఆవిరీ వృథా పోను 80 అనుకోండి. మన వైపు నైరుతిని నమ్ముకోలేము, చిత్త, స్వాతి కార్తెల ముసురు, తుపాన్ల వానలే సంపు నింపేవి. ఐదుగురికి తాగటానికి, వంటకు రోజుకు 30 లీటర్ల చొప్పున డిసెంబరు నుంచి జూన్ చివరి వరకు 6,400 లీటర్ల లోపే పడుతుంది కనుక 10,000 లీటర్ల సంపు చాలు. సంపుకు ముందు 200 లీటర్ల డ్రమ్ము ఒకటి పెట్టి, డాబా కడిగిన మొదటి నీరు దానిలోకి పోయి, అది నిండాకే మిగతాది కంకర, ఇసుక వడపోత మీదుగా సంపులోకి వెళ్లేలా పైపు వేయించండి. డ్రమ్ము అడుగున కుళాయి తప్పనిసరి. వాన వెలిసిన ప్రతిసారీ దాన్ని ఖాళీ చేయకపోతే ఆ డ్రమ్ము ఉన్నా లేనట్లే. డాబా మీద సిమెంటు రేకుల గది ఉంటే ఆ రేకుల నీటిని తాగునీటిలో కలపవద్దు.

కొత్త సంపులో మొదట పట్టిన నీరు సున్నపు వాసన వేస్తుంది, దాన్ని మొక్కలకు వదిలేయండి. ఆ తర్వాత వాన నీటికి ఉండే భయం లవణాలది కాదు, క్రిములది. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే సంపులో పోసి, అరగంట తర్వాత వాడుకోవచ్చు. వెలుతురు సోకకుండా, దోమ దూరకుండా మూత బిగిస్తే నాచు పట్టదు.

వేసవికి ముందు ఒకసారి సంపు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్‌కు ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజు వద్దు. క్రిముల పరీక్షకు ప్రయోగశాల వాళ్లిచ్చిన శుభ్రపరచిన సీసాలోనే పట్టి, చల్లగా ఉంచి, 24 గంటల లోపు చేర్చాలి. మట్టికి మీ ఊళ్లోనే కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, పీహెచ్ (మట్టి క్షారగుణం) 8.5 దాటిందా, మార్పిడి సోడియం (మట్టి రేణువులు పట్టి ఉంచిన లవణాల్లో సోడియం వాటా) 15 శాతం దాటిందా అన్న రెండే అడగండి, దాటితే గుంట ఆలోచన విరమించుకోవచ్చు.