షెవెల్‌ని విప్పే ముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి రెండు మూడుసార్లు చూశాను. 1971 షెవర్లే షెవెల్ మాలిబు కారు, రెండు డోర్లది. వెనక అద్దం కింద కాస్త తుప్పు తప్ప ఒళ్లు గట్టిగానే ఉంది. మంచి బండి కొన్నావు. కానీ ఆ తర్వాత వచ్చిన మెసేజ్ చూశాక నాకు నిద్ర పట్టలేదు. "ఈ శనివారం పాత ఇంజన్ పీకేస్తున్నా మామయ్యా, ఎల్‌ఎస్ ఇంజన్ దొరికాక పెడదాం" అన్నావు. ఎల్‌ఎస్ అంటే షెవర్లే కొత్త తరం వి8 ఇంజన్ల కుటుంబం. ఫోన్లో చెబితే సగమే గుర్తుంటుందని ఇలా రాస్తున్నాను. ఈ శనివారం ఇంజన్ పీకొద్దు. కొత్త ఇంజన్ నీ గ్యారేజీలో స్టార్ట్ అయి, నువ్వు చెవులారా విన్నదాకా పాతది దాని చోటనే ఉండనీ.

నా షెవర్లే నోవా కారు సంగతి నీకు పూర్తిగా తెలియదు. 1972 మోడల్. కొన్న వారానికే ఇంజన్, రేడియేటర్, ముందు మడ్‌గార్డులు, వైరింగ్ అన్నీ విప్పేశాను. బోల్టులన్నీ కాఫీ డబ్బాల్లో వేసి పేర్లు రాసి పెట్టాను. రెండు ఎండాకాలాలు పోయేసరికి ఆ రాతలు వెలిసిపోయాయి. ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. వారమంతా ఉద్యోగం, ఆదివారం దొరికిన రెండు గంటల్లో గంట వెతుకులాటకే పోయేది. మా పెద్దది ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా విప్పిన బండి, అది హైస్కూల్లో చేరాక రోడ్డెక్కింది. ఆ మధ్యలో రెండుసార్లు అమ్మేద్దామనుకున్నాను. విప్పిన బండికి వచ్చే బేరం విని ఊరుకున్నాను. నీకు ఆ బాధ వద్దు.

మీ తాతయ్య విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపిన రోజుల్లో అంబాసిడర్‌లో పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్ ఎక్కించే పని బాగా ఉండేది. అన్నీ టాక్సీలే. బండి ఆగితే ఆ రోజు ఓనరు ఇంట్లో పైసా ఉండదు. అందుకని ఆయన కొత్త ఇంజన్‌ని నేలమీద ఫ్రేము కట్టి తిప్పి చూసి, ఇంజన్ కూర్చునే ఫౌండేషన్లు, పైపులు, వైర్లు అన్నీ పక్కన పేర్చుకున్నాకే బండిని షెడ్డులోకి రానిచ్చేవారు. నేనూ చూశాను ఆ పద్ధతి. చూసి కూడా నోవా దగ్గర పాటించలేదు. నువ్వు పాటించు.

ముందు ఈ ఇంజన్ ఎందుకు మారుస్తున్నావో లెక్క చూద్దాం. నీ బండిలో ఉన్నది 307 వి8, అంటే 307 క్యూబిక్ అంగుళాల, ఎనిమిది సిలిండర్ల ఇంజన్. 1971 పుస్తకంలో 200 హార్స్‌పవర్ అని ఉంటుంది. అది ఆల్టర్నేటర్, సైలెన్సర్ లాంటివేవీ తగిలించకుండా కొలిచిన గ్రాస్ లెక్క. 1972లో అవన్నీ తగిలించి కొలిచే నెట్ లెక్కకి మారాక అదే 307కి రాసింది 130. నువ్వు పెట్టాలనుకుంటున్న ఎల్‌ఎస్ కుటుంబపు 5.3 లీటర్ల ట్రక్ ఇంజన్‌కి నెట్ లెక్కలోనే 270 నుంచి 295 దాకా ఉంటుంది. అంటే రెట్టింపు దాటుతోంది. నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే ఉన్న బండికి రెట్టింపు బలం ఇస్తున్నావు. అందుకే మొదటి పని బ్రేకులు. ముందు చక్రాలకి డిస్కులు, కొత్త మాస్టర్ సిలిండర్, బూస్టర్, ముందు వెనక బ్రేకులకి ఒత్తిడి పంచే ప్రపోర్షనింగ్ వాల్వ్, అన్ని గొట్టాలూ కొత్తవి వేయి. ఇవన్నీ 307తో నడుస్తుండగానే చేసుకోవచ్చు. ఒక వారాంతంలో విప్పి బిగించి, సోమవారం బండిని ఆఫీసుకి తీసుకెళ్లు. తర్వాత స్టీరింగ్ జాయింట్లు, సస్పెన్షన్ బుష్‌లు. ఆ తర్వాత పెద్ద అల్యూమినియం రేడియేటర్. ఒక్కో పని అయ్యాక బండి రోడ్డు మీద ఉంటుంది, తప్పు ఉంటే అప్పుడే తెలుస్తుంది. అన్నీ ఒకేసారి మార్చి స్టార్ట్ చేస్తే, చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో నాకూ తెలియదు. ఇంకొకటి, కదలని బండి డ్రైవ్‌వేలో కనిపిస్తే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నుంచి ఉత్తరం వస్తుంది.

పెట్రోల్ ట్యాంకు మాత్రం ఆఖరుకి ఉంచుకో. కార్బురేటర్‌కి పెట్రోల్ ఒత్తిడి ఆరు పీఎస్ఐ చాలు, ఎల్‌ఎస్ ఇంజన్ ఇంజెక్టర్లకి 58 కావాలి. రెండింటికీ ఒకే ఏర్పాటు కుదరదు. ట్యాంకులోనే పంపు ఉండే, లోపల అడ్డుగోడలు ఉన్న కొత్త ట్యాంకు కొనుక్కో. పాత ట్యాంకుకి బయట పంపు తగిలిస్తే సగం పెట్రోల్‌తో మలుపు తిరిగినప్పుడు పెట్రోల్ ఒక పక్కకి పోయి ఇంజన్ ఆగిపోతుంది. పాత రబ్బరు గొట్టం ఒక్క జానెడు కూడా మిగలనివ్వకు. ఆరు పీఎస్ఐలో చెమ్మగా ఉన్న గొట్టం 58లో చిమ్ముతుంది. కింద వేడి సైలెన్సర్ ఉంటుంది, గుర్తుపెట్టుకో.

ఇంజన్ ఎంపిక గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. విడి ఇంజన్ కొనొద్దు, దెబ్బతిన్న బండి మొత్తం కొను. 1999 నుంచి 2006 మధ్య షెవర్లే సిల్వరాడో, 2000 నుంచి 2006 మధ్య టాహో, సబర్బన్, 5.3 ఇంజన్ ఉన్నది ఏదైనా సరే, వెనకనుంచి గుద్దించుకుని ఇంజన్ మాత్రం నడుస్తున్నది చూడు. వేడెక్కేదాకా నడపనిచ్చేవాళ్ల దగ్గరే కొను. ఇంజన్, గేర్‌బాక్స్, కంప్యూటర్, వైరింగ్, సెన్సర్లు, బ్రాకెట్లు అన్నీ ఒకే బండివి వస్తాయి. ముక్కలు ముక్కలుగా కొంటే ఇక్కడే చిక్కు. 24 పళ్ల క్రాంక్ సెన్సర్ చక్రం ఉన్న ఇంజన్‌కి 58 పళ్ల కంప్యూటర్ పనిచేయదు. 2003 నుంచి ఈ ట్రక్కుల్లో యాక్సిలరేటర్ కేబుల్ పోయి ఎక్కువగా ఎలక్ట్రానిక్ పెడల్ వచ్చింది. అదైతే పెడల్, దాని కంట్రోల్ పెట్టె, కంప్యూటర్ మూడూ ఒకే సెట్టు కావాలి. 2007 తర్వాతి 5.3ల్లో చాలావాటికి బరువు లేనప్పుడు నాలుగు సిలిండర్లు ఆపేసే ఏర్పాటు ఉంటుంది. ఆ సిలిండర్లలో వాల్వుల్ని ఎత్తే లిఫ్టర్లు పాడయ్యే జబ్బు ఉంది. మొదటిసారి చేసేవాడివి, దాని జోలికి పోకు. ఐరన్ బ్లాక్ బరువని నీ స్నేహితులు అంటారు. అల్యూమినియం బ్లాక్‌కి పెట్టే అదనపు డబ్బుతో నీ బ్రేకులు, ట్యాంకు అయిపోతాయి. ఐరన్ బ్లాకే చాలు.

వైర్లు, కంప్యూటర్ చూస్తేనే టెన్షన్ అనిపిస్తే మాత్రం ఇంకో దారి ఉంది. పాత తరం 350 తెచ్చి పెట్టు. 307 ఫౌండేషన్ల మీదే కూర్చుంటుంది, అదే గేర్‌బాక్స్‌కి బిగుస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు. నీది 454 ఇంజన్‌తో పుట్టిన ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) షెవెల్ అయితే అసలు ఇంజన్ మార్చడానికే నేను ఒప్పుకునేవాణ్ణి కాను. 307 మాలిబుకి ఆ పట్టింపు అంత లేదు. అయినా ముందువైపు, ప్యాసింజర్ పక్క హెడ్డు అంచున బ్లాక్ మీద చదునైన చోట ఉన్న నంబరు తుడిచి చూడు. బండి నంబరుతో కలిస్తే ఆ 307ని అమ్మకు. నూనె పట్టించి, కవరు చుట్టి మూల పెట్టు. బండి చాసిస్‌కి కోత పెట్టకు, బోల్టులతో బిగిసే అడాప్టర్ ఫౌండేషన్లు దొరుకుతాయి. రేపు నీ మనసు మారినా, నీ తర్వాత కొన్నవాడి మనసు మారినా 307 మళ్లీ దాని చోట కూర్చోగలగాలి.

ట్రక్ ఇంజన్ కారులో పట్టని చోట్లు ముఖ్యంగా రెండు. కింద ఆయిల్ ఛాంబర్ మరీ లోతు, చాసిస్‌కి అడ్డంగా ఉండే క్రాస్‌మెంబర్‌కి తగులుతుంది. పాత కార్ల కోసమే చేసిన ఛాంబర్ కొనాలి. రెండోది ప్యాసింజర్ పక్క కిందుండే ఏసీ కంప్రెసర్, చాసిస్‌కి తగులుతుంది. టెక్సాస్ ఎండలో ఏసీ లేని బండిని నువ్వు జూన్‌లో బయటికి తియ్యవు, అందుకే దాన్ని పైకి ఎత్తే బ్రాకెట్ ముందే తీసుకో. రెండు గేర్ల పవర్‌గ్లైడ్ వదిలేసి ట్రక్‌తో వచ్చిన నాలుగు గేర్ల ఆటోమేటిక్ 4ఎల్60ఈ వాడు. హైవేలో ఓవర్‌డ్రైవ్ హాయిగా ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, గేర్‌బాక్స్ కింద అడ్డపట్టీ మారతాయి. ఇంజన్ వెనక్కి మూడు డిగ్రీలు వాలితే వెనక ఇరుసు హౌసింగ్ ముక్కు కూడా పైకి అంతే లేవాలి. షాఫ్ట్ రెండు చివరల ఉండే క్రాసుల (కీళ్ల) కోణాలు సమానంగా లేకపోతే అరవై మైళ్ల దగ్గర సీటు వణుకుతుంది. బండి నాలుగు చక్రాల మీద నేలపై ఉన్నప్పుడే ఆ కోణాలు కొలవాలి, జాకీ మీద కాదు.

ఇప్పుడు ఛాంబర్ మార్చేటప్పుడు జాగ్రత్త ఒకటి. ఇది నోవాలో ఎల్‌ఎస్ ఇంజన్ పెట్టినప్పుడు నా చేత్తో చేసిన తప్పు కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఛాంబర్‌తో పాటు ఆయిల్ పీల్చే స్ట్రైనర్ గొట్టం కూడా మారుతుంది. ఆ గొట్టం ఆయిల్ పంపులోకి దూరే చోట ఒక ఓ-రింగ్ ఉంటుంది. చిటికెన వేలికి ఉంగరంలా పట్టేంత చిన్నది. గొట్టాన్ని పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, అదీ ఒక పక్కన. నేను గొట్టం సగమే దూర్చి, బోల్టు బిగిస్తే మిగతాది అదే లోపలికి పోతుందనుకున్నాను. బోల్టు ఒక పక్కనుంచి లాగింది, గొట్టం వంకరగా దిగింది, ఓ-రింగ్ అంచు నలిగింది. ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆయిల్ మీటరు ముల్లు సున్నా దగ్గర వణికి అక్కడే నిలబడింది. పైన లిఫ్టర్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. వెంటనే ఆపాను కాబట్టి బేరింగులు బతికాయి. ఇంజన్ మళ్లీ పైకెత్తి ఛాంబర్ దించి చూస్తే ఓ-రింగ్ మీద నెలవంకలా ఒక కోత. ఆ కోతలోంచి పంపు ఆయిల్ బదులు గాలి పీల్చింది. నువ్వు కొత్త ఓ-రింగ్‌కి నూనె రాయి, గొట్టం మోడల్‌కి సరిపోయే మందం ఉన్నదే తెచ్చుకో, బొటనవేలితో నిటారుగా నొక్కి పూర్తిగా కూర్చోబెట్టు, ఆ తర్వాతే బోల్టు పెట్టు. మొదటి స్టార్ట్‌కి ముందు ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేసి, ముల్లు లేచేదాకా స్టార్టర్‌తో విడతలు విడతలుగా తిప్పు.

హెడ్ల ముందువైపు పైన సన్నటి ఆవిరి గొట్టం ఒకటి ఉంటుంది. అందంగా లేదని కొందరు మూసేస్తారు. మూయకు. గాలి అక్కడే చేరుతుంది, ఆ చోటు కాలిపోతుంది. దాన్ని రేడియేటర్ పైభాగానికి కలపాలి, ఆ దారి ఉన్న రేడియేటరే ఇప్పుడు కొను.

ట్రక్ వైరింగ్‌ని నోవాకి సరిపడా కుదించడం నేను ఒక దుకాణానికి ఇచ్చాను. వాళ్లు ఎడమ కుడి ఆక్సిజన్ సెన్సర్ల వైర్లు తారుమారు చేసి పంపారు. ఒక పక్క సిలిండర్లకి పెట్రోల్ ఎక్కువ, రెండో పక్క తక్కువ. నెల రోజులు ఇంజెక్టర్లని అనుమానించాను. ఎవరు చేసి ఇచ్చినా మీటరు పెట్టి ఒక్కో పిన్ను చూసుకున్నాకే బండికి తగిలించు. కంప్యూటర్‌లో దొంగల నుంచి కాపాడే లాక్ తీయించు, లేకపోతే స్టార్ట్ అయి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఎర్త్ వైర్లు బ్యాటరీ నుంచి ఇంజన్‌కి, ఇంజన్ నుంచి చాసిస్‌కి, ఇంజన్ నుంచి బాడీకి వేసి, రంగు గీకి మెరిసే ఇనుము మీద బిగించు.

చట్టం సంగతి కష్టమేమీ కాదు. బండి సంవత్సరానిదో, అంతకంటే కొత్తదో అయిన ఇంజన్ పెట్టాలన్నది ఫెడరల్ నియమం, నీది కొత్తదే. టెక్సాస్‌లో 24 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. రేపు కాలిఫోర్నియా వెళ్లినా 1975 దాకా వచ్చిన పెట్రోల్ బండ్లకి అక్కడా స్మాగ్ పరీక్ష లేదు. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేశారు. అంటే నీ బ్రేకులు చూసేవాళ్లు ఎవరూ లేరు, నువ్వు తప్ప. ఇన్సూరెన్స్ వాళ్లకి ఇంజన్ మారుస్తున్నట్టు ముందే చెప్పు.

జాకీ మీద ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరకు, స్టాండులు పెట్టి ఊపి చూశాకే. మీ అమ్మ రోజూ ఫోన్ చేసి ఈ ఒక్క మాటే అడుగుతోంది.

శనివారం తెల్లారేసరికి బయల్దేరుతాను, పదింటికల్లా మీ ఇంట్లో ఉంటాను. అత్తయ్య నీకు ఆవకాయ పంపిస్తోంది. నేను వచ్చేలోపు ముందు చక్రాల నట్లకి తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచు, డ్రమ్ములు ఇద్దరం కలిసి తీద్దాం. సాయంత్రానికి డిస్కులు బిగించి, 307తోనే నాలుగు వీధులు తిరిగి వద్దాం.

మీ మామయ్య