ముందు కాళ్లు కడగండి, తల సంగతి తర్వాత

ప్రశ్న: వృద్ధుల సంరక్షణ కేంద్రంలో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరి రెండు నెలలైంది. పొద్దున షిఫ్టులో ఏడుగురికి స్నానం, బట్టలు, పళ్లు తోమడం అన్నీ నేనే చూడాలి. వాళ్లలో డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న ఒక పెద్దావిడ స్నానం అనగానే అరుస్తారు, చేత్తో కొడతారు. "ఆవిడ అలాగే అంటుంది, గబగబా పోసేసి తీసుకొచ్చెయ్" అంటారు సీనియర్లు. అలా చేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టదు. ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, నిద్ర పట్టదని రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో మీరు ఈ పనికి తగిన మనిషని నాకు అర్థమైంది. నేను ఇరవై రెండేళ్లు ఇదే పని చేశాను. కొత్తలో నాకూ ఇలాగే చెప్పారు. నేనూ గబగబా పోశాను. ఆ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఆవిడకు ఎలా ఉంటుందో ఆలోచించండి. మీరు రోజూ కనబడే అమ్మాయే అయినా ఆవిడకు గుర్తుండదు. ఎవరో వచ్చి బట్టలు విప్పుతున్నారు, గది చల్లగా ఉంది, ఉన్నట్టుండి నెత్తి మీద నీళ్లు పడ్డాయి. ఆ భయంలో మీరైనా నేనైనా చెయ్యి విసురుతాం.

అందుకే ముందు గది వెచ్చగా చేసుకోండి. తువ్వాళ్లు, సబ్బు, మార్చే బట్టలు అన్నీ చేతికి అందేలా పెట్టుకోండి. మధ్యలో ఆవిడను తడిగా వదిలి వెళ్లాల్సిన అవసరం రాకూడదు. నీళ్లు దాదాపు 37, 38 డిగ్రీలు ఉంటే చాలు. థర్మామీటర్ లేకపోతే మణికట్టు లోపలి వైపుతో గానీ మోచేత్తో గానీ చూడండి. మన వేళ్లు వేడికి అలవాటు పడిపోయి ఉంటాయి, వాటిని నమ్మకండి. తర్వాత ఆవిడ చెయ్యి కూడా నీళ్లలో పెట్టించి "సరిపోయిందా అమ్మా?" అని అడగండి. "స్నానం" అన్న మాటే ఆవిడను భయపెడుతుంటే ఆ మాట ఎత్తకండి. "కాళ్లు కడగనా?" అనండి. నిజంగానే కాళ్లతో మొదలుపెట్టండి. తల చివర్లో, లేదా మరో రోజు. పెద్ద తువ్వాలు ఒంటి మీద కప్పి, కడిగే చోటు మాత్రమే తీసి, కడిగి, తుడిచి, మళ్లీ కప్పండి. ఒక చిన్న తడిగుడ్డ ఆవిడ చేతిలో పెట్టండి. ముఖం ఆవిడే తుడుచుకుంటారు. చేతికి పని దొరికితే కొట్టడం చాలావరకు తగ్గుతుంది, ఇది నేను ఎన్నోసార్లు చూశాను.

అయినా వద్దంటే వచ్చేయండి. అరగంట ఆగి మళ్లీ వెళ్లండి. ఆ రోజంతా కుదరకపోతే ముఖం, చేతులు, చంకలు, మర్మావయవాలు, చర్మం ముడతలు పడే చోట్లు వెచ్చటి గుడ్డతో తుడిస్తే చాలు. ఆడవాళ్లకు ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే తుడవాలి, లేకపోతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు. పెద్దవాళ్ల చర్మం పల్చబడి, పొడిబారి ఉంటుంది. రోజూ సబ్బుతో నిండా స్నానం చేయిస్తే ఇంకా ఎండిపోతుంది. కాబట్టి ఒక రోజు తప్పిందని టెన్షన్ పడకండి. వద్దన్నారని నర్సుకు చెప్పి, రికార్డులో రాయండి. నిన్నటి దాకా ఒప్పుకున్న మనిషి ఇవాళ ఒక్కసారిగా ఎదురు తిరిగితే మాత్రం వెంటనే చెప్పండి. భుజం నొప్పో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో అయి ఉండొచ్చు. నోటితో చెప్పలేనివాళ్లు అలాగే చెబుతారు.

ఇక గబగబా అన్న మాట. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన ఒక పెద్దాయన ఉండేవారు. నేను ఆయన కుడి చేతికి చొక్కా తొడిగేసి, మిగిలిన బట్టలోకి ఎడమ చెయ్యి లాగాను. ఆయన ఏమీ అనలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. మా హెడ్ నర్సు అక్కడే నిలబెట్టి నేర్పారు: తొడిగేటప్పుడు బలం లేని చెయ్యి ముందు, విప్పేటప్పుడు బలం ఉన్న చెయ్యి ముందు. ఆ తర్వాత గుండీలు పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన కుడి చేత్తో ఒక్కో గుండీ పెట్టుకున్నారు. ఆరు గుండీలకు పది నిమిషాలు పట్టింది. అప్పటిదాకా ఆ పని నేనే చేసేస్తూ, అదే సేవ అనుకున్నాను. పని చెప్పకపోతే బాగున్న చెయ్యి కూడా బలం తగ్గిపోతుందని నాకు తెలియదు.

ఏడుగురిని పెట్టుకుని పది నిమిషాలు ఎక్కడివి అంటారేమో. ఆయన గుండీలు పెట్టుకుంటుంటే నేను అదే గదిలో పక్క దులిపి దుప్పటి మార్చేదాన్ని. ఆవిడ ముఖం తుడుచుకుంటుంటే మీరు కాళ్లు ఆరబెట్టవచ్చు. వేళ్ల సందుల్లో తడి అస్సలు ఉంచకండి. అదే సమయంలో మడమలు, తుంటి, వెన్ను చివర ఒకసారి చూడండి. ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అది పడక పుండుకు మొదలు. దాన్ని రుద్దకూడదు. ఆ పక్కకు ఒత్తిడి పడకుండా తిప్పి, నర్సును పిలవండి.

సీనియర్లతో వాదించకండి, ఫలితం చూపించండి. ఆవిడ అరవకుండా కాళ్లు కడిగించుకున్న రోజు ఒకరిని పిలిచి చూడమనండి.

ప్రశ్న: మా నాన్నగారిని సంరక్షణ కేంద్రంలో చేర్చాం. ఆడపిల్లలు డైపర్ మారుస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నానంటున్నారు. డైపర్ తడవకూడదని నీళ్లు తాగడం మానేశారు. ఎవరిని తప్పుపట్టాలో తెలియడం లేదు.

జవాబు: ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు గానీ, నీళ్ల సంగతి ఇవాళే చెప్పండి. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి మండుతుంది, మలబద్ధకం వస్తుంది, పెద్దవాళ్లకు మనసు కూడా తికమకపడుతుంది. మగ అసిస్టెంట్ ఉంటే ఆయన్నే పంపమని అడగండి. అది గొంతెమ్మ కోరిక కాదు. లేకపోతే తలుపు మూసి, తెర లాగి, నడుము మీద తువ్వాలు కప్పి మార్చమనండి. మార్చేటప్పుడు ఇద్దరు అసిస్టెంట్లు ఆయన మీదుగా తమ కబుర్లు చెప్పుకోకూడదు.

మీ నాన్నగారు ఆసరాతో నిలబడగలరా? అయితే నిద్ర లేవగానే, తిన్న తర్వాత, మధ్యలో రెండేసి గంటలకు ఒకసారి టాయిలెట్‌కు తీసుకెళ్లడం వీలవుతుందేమో నర్సును అడగండి. ఇలా వేళ పెట్టి తీసుకెళ్తే పగలు డైపర్ తడవడం చాలామందికి తగ్గింది. ఆయన ముందు "డైపర్" అని గట్టిగా అనకుండా, "లోపలి బట్ట" అనమని కూడా చెప్పండి.

ప్రశ్న: డ్యూటీలో ఒక పెద్దాయన కట్టుడు పళ్లు కడుగుతుంటే చెయ్యి జారి సింకులో పడి విరిగాయి. ఇంకోసారి అలా కాకుండా ఎలా?

జవాబు: సింకులో మడిచిన తువ్వాలు పరిచి, కాసిన్ని నీళ్లు నింపి, దాని మీదే కడగండి. జారినా విరగవు. వేడినీళ్లు వద్దు, ఆకారం పాడై నోట్లో సరిగ్గా కూర్చోవు. మామూలు టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది, అదీ వద్దు. రాత్రి పేరు రాసిన డబ్బాలో నీళ్లు పోసి అందులో ఉంచండి. పళ్లు తీశాక చిగుళ్లు, నాలుక మెత్తటి బ్రష్‌తో తుడవడం మరచిపోకండి. పొద్దున తడిపి ఆయన చేతికే ఇచ్చి చూడండి, చాలామంది తమంతట తామే పెట్టుకోగలరు.