సైలెన్సర్ మార్పించారు సరే, పాతది ఎక్కడ?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా నాన్నగారు ఎంతో మోజుపడి కొనుక్కున్న 2010 మోడల్ ఆడి టీటీ ఇప్పుడు నా పేరు మీద ఉంది. కళింగపట్నం ఉప్పుగాలికి సైలెన్సర్ తుప్పుపట్టి చిల్లులు పడింది. సర్వీస్ సెంటర్‌లో చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగాయి. విశాఖలో ఒక గ్యారేజీవాళ్లు డౌన్‌పైపు (ఇంజన్ నుంచి పొగను కిందికి తెచ్చే గొట్టం) నుంచి వెనక గొట్టం దాకా ‘304 స్టెయిన్‌లెస్ స్టీల్’ అని చెప్పి రూ.1,40,000కు కొత్తది బిగించారు. ఇరవై నెలలైంది. బండికి పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్తే పొల్యూషన్ పరీక్షలో ఫెయిలైంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గారు కిందకు వంగి చూసి పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టరే అసలు లేదన్నారు. గ్యారేజీవాళ్లను అడిగితే ‘సౌండు కావాలని మీరేగా అన్నారు’ అంటున్నారు. అడ్వాన్సు రూ.50,000 ఫోన్‌పేలో, మిగతాది క్యాష్‌గా ఇచ్చాను. జీఎస్టీ మిగులుతుందని పక్కా బిల్లు తీసుకోలేదు. నాన్నగారి కారు షెడ్డులో అలా పడి ఉంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. మా బావగారికి తెలిసిన ఏజెంటు బండి చూపించకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ తెప్పిస్తానని, తనిఖీ రోజుకి ఇంకో టీటీ సైలెన్సర్ తెచ్చి తగిలిద్దామని అంటున్నాడు. డబ్బు వెనక్కి వస్తుందా? వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, కచ్చా బిల్లు జతచేశాను.

జవాబు: మీ కేసు నాన్నగారి జ్ఞాపకాల మీద తేలదు, సర్వీస్ సెంటర్ రేటు మీదా తేలదు. కన్వర్టర్ తీసేస్తున్నామని గ్యారేజీవాళ్లు మీకు ముందే చెప్పారా, మీరు సరే అన్నారా? తేలాల్సింది ఇదొక్కటే. తెలిసి సరే అని ఉంటే వినియోగదారుల కమిషన్ గడప తొక్కకండి. చట్టం వద్దన్న పనిని డబ్బిచ్చి చేయించుకుని, ఇప్పుడు ఇరుక్కున్నానని పరిహారం అడిగితే ఎవరూ ఇప్పించరు. తెలియకపోతే మాత్రం మీకు మంచి కేసే ఉంది.

స్క్రీన్‌షాట్లు చూశాను. ఒక మెసేజ్‌లో మీరు ‘సౌండు కాస్త గంభీరంగా ఉండాలి’ అన్నారు. గ్యారేజీవాళ్లు పట్టుకుని వేలాడుతున్నది దాన్నే. గంభీరమైన సౌండు అడగడం వేరు, కన్వర్టర్ పీకేయమనడం వేరు. సౌండు చాలావరకు మధ్యలో ఉండే రెజొనేటర్ (మోతను తగ్గించే డబ్బా), వెనక ఉండే సైలెన్సర్ చేతిలో ఉంటుంది. కన్వర్టర్ ఉండేది ఇంజన్‌కి దగ్గరగా, డౌన్‌పైపులో. దాని జోలికి పోకుండా వెనక భాగం ఒక్కటే మార్చే సెట్లు మార్కెట్లో దొరుకుతాయి, వాటిని క్యాట్-బ్యాక్ అంటారు. ఈ పనిలో ఉన్న ఏ గ్యారేజీకైనా ఆ సంగతి తెలుసు. మీ మెసేజ్ కిందే వాళ్లు పెట్టిన జవాబు చూడండి: ‘ఫుల్ రోడ్ లీగల్ సర్, ఆర్టీఓ టెన్షన్ వద్దు.’ మీ కేసుకి ప్రాణం ఆ ఒక్క ముక్కే. అందుకే సరుకులో లోపం అని మొదలుపెట్టకండి, అబద్ధపు హామీ ఇచ్చి అమ్మారని మొదలుపెట్టండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2(47) సెక్షన్ ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి.

ఇంత రాసిన మీరు ఒక్క సంగతి మాత్రం అడగలేదు. తీసిన పాత డౌన్‌పైపు ఏమైంది? కన్వర్టర్ లోపల తేనెపట్టులా సన్నసన్న కన్నాలున్న దిమ్మ ఉంటుంది. దానికి ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పూస్తారు. తుప్పు సైలెన్సర్ పాత ఇనుము రేటుకి పోతుంది గానీ కన్వర్టర్ అలా పోదు, అదేపనిగా వెతికి కొనేవాళ్లున్నారు. అది మీ సొత్తు. ఇరవై నెలల్లో ఒక్కసారైనా నా పాత సామాను ఇవ్వండి అనకపోవడం ఏం నిర్లక్ష్యమండీ? ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి. ఇవ్వలేకపోతే దాని విలువ కూడా కట్టమనవచ్చు. అంతకన్నా ముఖ్యం, మీకు చెప్పకుండా తీశారనడానికి అది మంచి ఆనవాలు. చెప్పి తీసినవాడు పాతది చేతికిస్తాడు.

అలాంటిదే ఇంకో ఆనవాలు బండిలోనే ఉంది. కన్వర్టర్ తర్వాత ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. కన్వర్టర్ పనిచేయకపోతే అది పసిగట్టి, చెక్ ఇంజన్ లైటు వెలిగించి, పి0420 అనే కోడ్ నమోదు చేస్తుంది. మీ బండికి కన్వర్టరే లేదు, అయినా ఇరవై నెలలుగా లైటు వెలిగినట్టు మీరు రాయలేదు. వెలగలేదంటే సెన్సర్‌కి స్పేసర్ (దాన్ని పొగకు దూరంగా జరిపే ముక్క) తగిలించి ఉండాలి, లేదా సాఫ్ట్‌వేర్‌లో దాన్ని నిద్రపుచ్చి ఉండాలి. అదీ మీకు చెప్పకుండా చేసి ఉంటే, తెలియక పొరపాటు జరిగిందని గ్యారేజీవాళ్లు తప్పించుకోలేరు.

బిల్లు సంగతి. జీఎస్టీ మిగుల్చుకోబోయి సాక్ష్యం పోగొట్టుకున్నారు. మీ కచ్చా బిల్లులో ‘ఎగ్జాస్ట్ వర్క్’ అని తప్ప 304 అని లేదు, కన్వర్టర్ ఊసు లేదు, సంతకం లేదు. ఫోన్‌పేలో వేసిన రూ.50,000కు రుజువుంది. క్యాష్‌గా ఇచ్చిన రూ.90,000 ముట్టినట్టు వాళ్లు ఎక్కడైనా మెసేజ్ పెట్టారేమో వెతకండి. పెట్టకపోతే బ్యాంకులో డ్రా చేసిన తేదీ చూపించాలి. స్క్రీన్‌షాట్లు ప్రింటు తీస్తే సరిపోతుందనుకోకండి. ఆ ఫోను అమ్మవద్దు, ఆ చాట్ చెరపవద్దు. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి.

గడువు మాటకొస్తే, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం మీకున్నది రెండేళ్లు. రెన్యువల్ ఆగిన రోజు నుంచి లెక్కపెట్టాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడి కూర్చోకండి. బిగించిన తేదీ నుంచే లెక్కేసుకోండి. అంటే మీ చేతిలో ఉన్నది నాలుగు నెలలు. లాయరు నోటీసు ఇస్తే గడువు పెరుగుతుందని చాలామంది భ్రమ పడతారు. ఎన్ని నోటీసులిచ్చినా ఒక్క రోజు పెరగదు. ‘వచ్చే నెల సెటిల్ చేస్తాం సర్’ అని గ్యారేజీవాళ్లు కాలం సాగదీస్తే సాగనివ్వకండి.

ఇక ఏజెంటు మాట. బండి తీసుకెళ్లకుండా తెచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ దొంగ సర్టిఫికెట్. అది అబద్ధమని తెలిసి వాడితే ఇచ్చినవాడితో పాటు మీరూ భారతీయ న్యాయ సంహిత 234, 235 సెక్షన్ల కిందకి వస్తారు. దానికి భయపడకపోయినా ఇది వినండి. రేపు కమిషన్‌లో గ్యారేజీ లాయరు ఆ సర్టిఫికెట్టే బయటికి తీస్తాడు. ‘మేం బిగించిన సిస్టమ్‌తోనే బండి పాసైంది, ఇక నష్టమెక్కడ?’ అంటాడు. మీ డబ్బుతో మీ కేసుకి మీరే గొయ్యి తవ్వుకున్నట్టవుతుంది. తనిఖీ రోజుకి అరువు సైలెన్సర్ తగిలించినా అంతే. ఇన్నాళ్లూ తెలియక మోసపోయిన మనిషి ఆ రోజు నుంచి తెలిసి మోసం చేసినవాడవుతాడు. బావగారికి ఈ పేరా చూపించండి.

మీకు రుచించని మాట ఒకటుంది. బిగించింది గ్యారేజీ అయినా బండి ఓనరు మీరు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధంగా బండిని మారిస్తే 182ఎ(4) కింద ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా, లేదా రెండూ. కాలుష్యం, శబ్దం హద్దు దాటితే 190(2) కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. కంపెనీ స్పెసిఫికేషన్ దాటి బండిని మార్చడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే చెప్పింది. అందుకని బండిని సరిచేయించడం తీర్పు దాకా ఆపవద్దు.

ముందు సర్వీస్ సెంటర్‌లో తనిఖీ చేయించి, కన్వర్టర్ లేదని, సెన్సర్ పరిస్థితి ఇదని లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. నంబర్ ప్లేటు కనబడేలా ఫోటోలు తీయండి. తిన్నని గొట్టం మీద అయస్కాంతం పెట్టి చూడండి. 304 అయితే పట్టదు, వంపులు, వెల్డింగుల దగ్గర కొంచెం పడితే పట్టవచ్చు. తిన్నగా ఉన్నచోట గట్టిగా అంటుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 38(2)(సి) కింద ల్యాబ్ పరీక్ష చేయించమని కమిషన్‌ను అడగండి. ఈ సెట్టు విప్పించాక గ్యారేజీలో వదిలేయకుండా మీ ఇంట్లో పెట్టుకోండి, అదే మీ సాక్ష్యం.

దాని స్థానంలో కన్వర్టర్ ఉన్న కంపెనీ పార్టు, లేదా అదే స్పెసిఫికేషన్‌ది వేయించండి. బయటి పార్టయితే యూరప్ ‘ఇ’ ముద్ర, దాంతో పాటు నిబంధన నంబరు (కన్వర్టర్‌కి ఆర్103, సైలెన్సర్‌కి ఆర్59) ఉందేమో చూడండి. అది నాణ్యతకు గుర్తే గాని మన దగ్గర అనుమతి పత్రం కాదు. మీ సి-బుక్‌లో బిఎస్-4 (భారత్ స్టేజ్ 4 కాలుష్య ప్రమాణం) అని ఉంటే ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజన్ తిరుగుతుండగా, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఆ పరీక్ష పాసైతేనే మిగతా డబ్బు ఇస్తానని ముందే రాయించుకోండి, ఈసారి జీఎస్టీ బిల్లుతో.

గ్యారేజీకి స్పీడ్ పోస్టులో పదిహేను రోజుల గడువుతో నోటీసివ్వండి. సొమ్ము, పాత డౌన్‌పైపు రెండూ అడగండి. స్పందన లేకపోతే విశాఖ తిరగనక్కర్లేదు, మీరుండే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అదే చట్టం 34వ సెక్షన్ ఆ వీలిచ్చింది. మీ మొత్తానికి కోర్టు ఫీజు లేదు. రెన్యువల్ ఆలస్యానికి నెలకు రూ.500 పడుతుంది, అది కూడా నష్టంలో చూపించండి. గడువు తీరిన రిజిస్ట్రేషన్‌తో బండిని రోడ్డెక్కించవద్దు. సర్వీస్ సెంటర్‌కి రికవరీ వ్యాన్ మీద పంపించి, ఆ రసీదు కూడా ఫైల్లో పెట్టండి.