రెయిన్‌కోటు లోపల ఏం వేసుకున్నావ్?

"బట్టల విషయంలో జాగ్రత్త చెబితే అది బాధితురాలిని నిందించడం ఎలా అవుతుంది? ఇంటికి తాళం వేసుకోమని చెప్పడం లాంటిదే కదా?" అని ఆడవాళ్లపై వేధింపుల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. ఈ మాట నేను బాగా కావాల్సినవాళ్ల నోటి నుంచే విన్నాను, అందుకే రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓ సాయంత్రం కుండపోత వాన. మోకాళ్ల కింది దాకా వచ్చే రెయిన్‌కోటు వేసుకుని, దాని టోపీ కూడా తలమీదికి లాక్కుని బస్సెక్కాను. కాలు పెట్టే చోటు లేదు. కాసేపటికి వెనక నుంచి ఒక చెయ్యి నడుం మీద పడింది. రద్దీలో పొరపాటున తగిలిందేమో అనుకుని జరిగాను. చెయ్యి కూడా జరిగింది. తిరిగి చూస్తే యాభై ఏళ్ల మనిషి, కిటికీలోంచి వాన చూస్తున్నట్టు నిలబడ్డాడు. నాకు నోరు పెగల్లేదు. రెండు స్టాపుల ముందే దిగేసి ఆ వానలోనే ఇంటిదాకా నడిచాను.

అక్కకి చెప్పాను. రెయిన్‌కోటు ఇంకా విప్పలేదు, అంచుల నుంచి నీళ్లు గచ్చు మీద కారుతున్నాయి. అక్క అడిగిన మొదటి ప్రశ్న: "లోపల ఏం వేసుకున్నావ్?"

అక్క నన్ను ప్రాణంగా చూసుకునే మనిషి. అప్పుడు కోపం వచ్చింది గానీ, అది భయమని చాలా ఏళ్లకి అర్థమైంది. తప్పు నా బట్టల్లో దొరికితే, రేపు బట్టలు మార్పించి నన్ను కాపాడుకోవచ్చు. తప్పు ఆ మనిషిదే అయితే అక్క చేతిలో ఏమీ లేదు. మెల్విన్ లెర్నర్ అనే సైకాలజిస్టు, తన సహచరురాలితో కలిసి 1966లో ప్రచురించిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. ఒక స్త్రీకి కరెంటు షాకులు తగులుతున్నట్టు కొందరిని నమ్మించి చూపించారు. ఆమె బాధ ఆపే దారి తమకు లేదనుకున్నవాళ్లు ఆమెనే చులకనగా అంచనా వేశారు. చదువుతుంటే అక్క మొహమే కళ్లముందు మెదిలింది.

భయంతో అడిగినా ఆ ప్రశ్న చేసే నష్టం చేసేసింది. పొట్టి చేతుల చొక్కాలంటే నాకు ఇష్టం, వాటిని రెండేళ్లు అడుగున పెట్టేశాను. అయినా అలాంటి చేతులు ఆగలేదు, నేను ఇంట్లో చెప్పడం ఒక్కటే ఆగింది. చెబితే ముందు నా బీరువా తనిఖీ అవుతుందని తెలుసు. నా మౌనం వల్ల మేలు జరిగింది కిటికీ పక్కన నిలబడ్డ అలాంటివాళ్లకే.

ఇక తాళం పోలిక. దొంగతనం జరిగితే తాళం నాసిరకమని దొంగను వదిలెయ్యరు. బట్టల విషయంలో కోర్టులే అలా చేసిన సందర్భాలున్నాయి. 1999లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఒక అత్యాచారం కేసులో పడిన శిక్షను కొట్టేసింది. బిగుతైన జీన్స్‌ను ఆ అమ్మాయి సహకరించకుండా విప్పడం కుదరదు అన్నది అక్కడ చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ దేశ మహిళా ఎంపీలు జీన్స్ వేసుకుని పార్లమెంటుకు వచ్చి నిరసన తెలిపారు. ఆ వాదన చెల్లదని అదే కోర్టు చెప్పేసరికి 2008 వచ్చింది. కురచగా ఉంటే పిలిచినట్టట, బిగుతుగా ఉంటే ఒప్పుకున్నట్టట. బెయిలు ఉత్తర్వుల్లో బాధితురాలి దుస్తుల గురించి, ప్రవర్తన గురించి మాట్లాడొద్దని భారత సుప్రీంకోర్టు 2021లో కింది కోర్టులకు చెప్పాల్సి వచ్చిందంటే, ఈ అలవాటు ఎంత లోతుగా పాతుకుందో చూడండి.

అమెరికాలో ఆర్కాన్సా యూనివర్సిటీలో 2014లో, బాధితులు చెప్పిన వివరాలను బట్టి ఆ రోజు వాళ్లు వేసుకున్నలాంటి బట్టలతో ఒక ప్రదర్శన పెట్టారు. దాదాపు అన్నీ మనందరి ఇళ్లలో ఉండే మామూలు బట్టలే.

నేను పొట్టి బట్టల తరఫున వాదించడం లేదు. ఒళ్లంతా కప్పుకోవాలనుకునే అమ్మాయిని ఎవరైనా తీసెయ్యమన్నా నేను ఇంతే గట్టిగా అడ్డుపడతాను. ఏం వేసుకోవాలన్నది వేసుకునే మనిషి ఇష్టం.

ఈమధ్య ఆఫీసులో నాకంటే చిన్నమ్మాయి ఒకరు వచ్చి, "అక్కా, నేను మామూలు బట్టలే వేసుకున్నాను" అంటూ మొదలుపెట్టింది. ఏం జరిగిందో ఇంకా చెప్పనే లేదు. "బట్టల సంగతి నాకొద్దమ్మా. ఏం జరిగిందో చెప్పు, నీకిప్పుడు ఏం చెయ్యాలనుందో చెప్పు" అన్నాను. చాలాసేపు ఏడ్చింది. తర్వాత ఫిర్యాదు రాద్దామని కూర్చుంటే, మొదటి వాక్యం మళ్లీ బట్టల గురించే రాసింది. కాసేపు దానివైపే చూసి, తనే కొట్టేసి, తేదీ, సమయం, అతని పేరు రాసింది.