రెండు పేపర్లు పోయాయి, అప్పు మిగిలింది: ఇంట్లో ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది మదనపల్లె. ఇంటర్ సీఈసీ తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు బెంగళూరులో బీబీఏ మూడో సెమిస్టర్. రెండో సెమిస్టర్‌లో ఫైనాన్షియల్ అకౌంటింగ్, బిజినెస్ స్టాటిస్టిక్స్ పోయాయి. ఇంట్లో మాత్రం అన్నీ పాసయ్యానని చెప్పాను. నాన్న టమాటా మండీలో గుమాస్తా. మొదటి ఏడాది ఫీజు అక్క తన జీతంలోంచి కట్టింది. పీజీ హాస్టల్ మారినప్పుడు అడ్వాన్సుకని లోన్ యాప్‌లో 6,000 తీసుకున్నాను. అది తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాను. ఇప్పుడు పొద్దున లేస్తే వాళ్ల ఫోన్లే. క్లాసుకు వెళ్లబుద్ధి కాదు, రాత్రి నిద్ర పట్టదు. అమ్మ ఫోన్ చేసినా ఎత్తలేకపోతున్నాను. చదువు మానేసి ఊరికి వెళ్లిపోనా?

జవాబు: చదువు మానాలా వద్దా అన్నది ఈ నెలలో తేల్చకండి. నిద్ర లేకుండా, అప్పులవాళ్ల ఫోన్ల మధ్య కూర్చుని తీసుకున్న నిర్ణయం ఆరు నెలల తర్వాత మీకే పరాయిగా కనిపిస్తుంది. దానికి వేళ ఉంది. ముందు మిగతావి చూద్దాం.

ఒక్క మాట అన్నిటికంటే ముందు. "ఇంక బతకడం ఎందుకు" అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, ఆ గంటలోనే 14416 కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలి మానస్. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అంతదాకా రాకపోయినా, నిద్రలేమి రెండు వారాలు దాటితే కూడా చేయొచ్చు. మీరున్న ఊళ్లోనే హోసూరు రోడ్డు మీద మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. అక్కడికి వెళ్లడమంటే పిచ్చి ముద్ర వేయించుకోవడమని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోకండి.

ఇక అప్పు. రోజురోజుకీ పెరిగేది అదొక్కటే కాబట్టి ముందు దాన్నే పట్టుకోవాలి. మీరు రాసినదాన్ని బట్టి ఇవి వారం గడువు అప్పుల్లా ఉన్నాయి. కాగితం మీద 6,000 అంటారు, ప్రాసెసింగ్ ఫీజని కోసేసి నాలుగు వేల చిల్లర చేతికిస్తారు, ఏడో రోజు పూర్తి 6,000 అడుగుతారు. కట్టలేకపోతే గడువు పొడిగించడానికి ఇంత కట్టమంటారు. ఆ కట్టింది అసలులో తగ్గదు. అందుకే ఎంత కట్టినా బాకీ అలాగే ఉంటుంది, దాన్ని తీర్చడానికి ఇంకో యాప్ వెతుక్కోవాల్సి వస్తుంది. మూడో యాప్ జోలికి మాత్రం పోవద్దు.

ఈరోజే ఒక కాగితం తీసుకుని గళ్లు గీయండి: యాప్ పేరు, దాని వెనకున్న కంపెనీ పేరు, చేతికొచ్చిన మొత్తం, ఇప్పటిదాకా కట్టింది, ఇంకా అడుగుతున్నది. తర్వాత రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉండే ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకు కాకపోయినా రిజర్వ్ బ్యాంక్ అనుమతితో అప్పులిచ్చే కంపెనీల) జాబితాలో ఆ కంపెనీ ఉందేమో చూడండి. ఉంటే దానికి నిబంధనలున్నాయి: అప్పిచ్చేటప్పుడే మొత్తం ఖర్చు చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి, మీ ఫోన్లో కాంటాక్టులు, ఫొటోలు తెరవకూడదు, వసూలుకని ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. వాళ్ల గ్రీవెన్స్ అధికారికి ఈమెయిల్ రాసి లెక్క అడగండి, న్యాయంగా తేలింది కట్టండి, కట్టాక బాకీ లేదని రాతపూర్వకంగా తీసుకోండి. అలాంటి అప్పు ఎగ్గొడితే సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్రలో పడుతుంది, రేపు విద్యా రుణానికి వెళ్లినప్పుడు అడ్డొస్తుంది.

జాబితాలో కంపెనీ పేరే లేకపోతే సంగతి వేరు. బెదిరింపు మెసేజ్‌లు, కాల్ లిస్టు, డబ్బు పడిన ఖాతా, మీరు పంపిన ఖాతా, అన్నీ స్క్రీన్‌షాట్ తీసి దాచండి. యాప్‌కిచ్చిన పర్మిషన్లు తీసేయండి. స్క్రీన్‌షాట్లు తీయకముందే యాప్ తీసేస్తే ఆధారాలు పోతాయి, ఆ తొందర వద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్ చేసి, నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఆ ఫిర్యాదు నంబరు చేతికొచ్చేదాకా ఇంకో రూపాయి పంపకండి.

ఇలాంటివాళ్లు తర్వాత చేసే పని మీకు తెలిసే ఉంటుంది. కాంటాక్టుల్లో "నాన్న", "అక్క" అని ఉన్న నంబర్లకే ముందు ఫోన్ కొడతారు. మీ నాన్నగారికి ఈ సంగతి మండీలో నలుగురి మధ్య, ఎవడో నోటికొచ్చినట్టు మాట్లాడుతుండగా తెలియకూడదు. మీ నోటితోనే తెలియాలి. అందుకే ఇంటికి చెప్పడం ఈ వారంలోనే జరగాలంటున్నాను.

ఫోన్లో వద్దు. మెజెస్టిక్‌లో బస్సెక్కితే చింతామణి మీదుగా మూడు నాలుగు గంటల ప్రయాణం, వెళ్లి ఎదురుగా కూర్చుని చెప్పండి. వేలం హడావుడిలో ఉన్న పూట కాకుండా, నాన్నగారు అన్నం తిని తీరిగ్గా కూర్చున్న వేళ చూసుకోండి. అక్కకు ముందు చెప్పొచ్చు గానీ, "నువ్వే నాన్నకు చెప్పు" అని ఆమె నెత్తిన పెట్టొద్దు. ఫీజు కట్టిన మనిషి, రాయబారానికి కూడా ఆమేనా?

సంచిలో మూడు కాగితాలు ఉండాలి: మార్కుల మెమో, అప్పు లెక్క గీసిన కాగితం, పరీక్షదాకా ఏ వారం ఏం చదువుతారో రాసిన పేజీ. ఇలా మొదలుపెట్టొచ్చు: "నాన్నా, రెండు పేపర్లు పోయినాయి. పాసైనానని నీకు అబద్ధం చెప్పినాను. యాప్‌లో అప్పు కూడా చేసినాను, ఎంతుందో ఇందులో రాసినాను. ఎట్లా సరిచేసుకోవాలనుకుంటున్నానో కూడా రాసుకొచ్చినాను, చూడు." అంతే. పీజీ తిండి బాగోలేదనీ, లెక్చరర్ మంచివాడు కాదనీ అప్పుడే మొదలుపెడితే విన్నవాళ్లకు సాకుల్లాగే వినిపిస్తాయి. అందులో నిజం ఉంటే రేపు చెప్పొచ్చు. పోయినవి రెండైతే రెండూ చెప్పాలి, అప్పు ఎంతుంటే అంతా చెప్పాలి. సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే నమ్మకం రెండుసార్లు విరుగుతుంది, రెండోసారి అతకడం చాలా కష్టం.

నాన్నగారు కేకలేయొచ్చు. లేదా ఏమీ అనకుండా లేచి బయటికి వెళ్లిపోవచ్చు, అది ఇంకా కష్టంగా ఉంటుంది. రెండింటిలో ఏది జరిగినా ఆ రాత్రే "ఈసారి ఫస్ట్ క్లాసు తెస్తా" అని మాటివ్వకండి. మీ చేతిలో లేని దానికి మాటిచ్చి, అది నిలబెట్టుకోలేక మళ్లీ అబద్ధమాడే పరిస్థితి తెచ్చుకోవద్దు. చేతిలో ఉన్నదానికి మాటివ్వండి: వారానికి ఇన్ని లెక్కలు చేస్తాను, ప్రతి ఆదివారం చూపిస్తాను.

తర్వాత సాయం అడగండి. మా దగ్గరికొచ్చే చాలా ఇళ్లలో తడబాటు ఇక్కడే. పిల్లలు "సపోర్ట్ కావాలి" అంటారు, పెద్దవాళ్లకు అదేమిటో తెలియక డబ్బు పంపుతారు, లేకపోతే రోజూ "చదువుతున్నావా" అని అడుగుతారు. రెండూ మీకు పనికి రావు. ఎవరిని ఏం అడగాలో విడివిడిగా అనుకుని వెళ్లండి. అమ్మను రాత్రి ఫోన్లో మార్కుల మాట ఎత్తొద్దని అడగండి, బదులుగా రోజూ ఒకే వేళకు మీరే ఫోన్ చేయండి. కొడుకు ఫోన్ ఎత్తలేదన్న కంగారు సగం దాంతోనే పోతుంది. అప్పులో న్యాయంగా కట్టాల్సింది తేలితే అక్కను సర్దమనండి, కానీ నెలకు ఎంత చొప్పున తిరిగిస్తారో రాసివ్వండి, తోబుట్టువైనా సరే.

నాన్నగారిని అడగాల్సింది మాత్రం అన్నిటికంటే విలువైనది. ఆయన ఏళ్ల తరబడి చిట్టా, ఆవర్జా రాస్తున్న మనిషి. మీకు పోయిన పేపరే ఆయన రోజూ చేసే పని. ఆదివారం ఒక గంట వీడియో కాల్ అడగండి, మీరు చేసిన లెక్క ఆయనకు చూపించి ప్రతి పద్దూ ఎందుకక్కడ రాశారో చెప్పండి. మండీలో హమాలీ కూలి 2,000 ఇంకా ఇవ్వాల్సి ఉందనుకోండి. ఆయన దాన్ని మరిచిపోరు, ఎందుకంటే రేపు హమాలీ వచ్చి అడుగుతాడు. పరీక్షలో మాత్రం మీరు దాన్ని ట్రేడింగ్ ఖాతాలో కూలికి కలిపి, బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు చూపించడం మరిచిపోతారు. సర్దుబాట్లలో ప్రతిదానికీ రెండు చోట్లుంటాయి, ఒకచోటే రాస్తే రెండు వైపులూ కలవవు, కలవలేదని కంగారుపడి మిగతా లెక్కంతా చెరిపేస్తారు. ముగింపు సరుకు కూడా అంతే: ట్రయల్ బ్యాలెన్స్ (అన్ని ఖాతాల నిల్వల పట్టిక, అంకణా) బయట ఇస్తే ట్రేడింగ్ ఖాతాలో ఒకసారి, ఆస్తుల్లో ఒకసారి, లోపలే ఇస్తే ఆస్తుల్లో మాత్రమే. ఇంకో ప్రశ్న కూడా ఆయన్ని అడగండి: రైతు తెచ్చిన సరుకు విలువంతా మండీ కొనుగోలుగా రాస్తారా, కమీషన్ ఒక్కటే రాబడిగా రాస్తారా? కమీషన్ మీద అమ్మిపెట్టే సరుకు మండీ సొంతం కాదు కదా. ఆ జవాబు అర్థమైతే కన్‌సైన్‌మెంట్ పాఠం సగం వచ్చినట్టే.

ఇంటర్‌లో తెలుగులో నేర్చుకున్నవి మీకు వచ్చే ఉంటాయి. ఒక చిన్న పుస్తకంలో ఎడమవైపు అంకణా, తరుగుదల, ముందుగా చెల్లించిన ఖర్చులు అని రాసుకుని, కుడివైపు వాటి ఇంగ్లిష్ పేర్లు రాయండి. రెండు మూడు పేజీలకు మించదు.

స్టాటిస్టిక్స్ కథ వేరే. సీఈసీ పిల్లలు పదో తరగతితో లెక్కలకు దూరమవుతారు, మూడేళ్ల తర్వాత డిగ్రీలో అది ఎదురొస్తుంది. తెలివితక్కువ కాదు, అలవాటు తప్పింది. సూత్రం బట్టీపట్టే ముందు అది ఏం చెబుతోందో ఒకసారి చేతితో చేసి చూడండి. మండీలో ఐదు రోజులు బాక్సు ధర 200, 300, 400, 500, 600 ఉందనుకోండి. సగటు 400. తేడాలు మైనస్ 200, మైనస్ 100, 0, 100, 200. వాటి వర్గాలు కూడితే 1,00,000. ఐదుతో భాగిస్తే 20,000. వర్గమూలం సుమారు 141, అదే స్టాండర్డ్ డీవియేషన్. ఇంకో వారం ధరలు 380, 390, 400, 410, 420. సగటు మళ్లీ 400. కానీ స్టాండర్డ్ డీవియేషన్ 14 చిల్లరే. రెండు వారాల సగటూ ఒకటే, రైతు గుండెదడ మాత్రం ఒకటి కాదు. ఆ తేడాను కొలిచేదే ఇది.

పరీక్ష హాల్లో తప్పు పట్టుకునే దారులు కూడా నేర్చుకోండి. సగటు నుంచి తేడాలన్నీ కూడితే సున్నా రావాలి, రాకపోతే సగటే తప్పు. కోరిలేషన్ (రెండు వరుసల అంకెలు ఎంతవరకు కలిసి మారతాయో చెప్పేది) మైనస్ 1 కీ ప్లస్ 1 కీ మధ్యే ఉండాలి, 1.3 వచ్చిందంటే ఏదో గడిలో కూడిక తప్పింది. ఇండెక్స్ నంబర్లలో (ధరల సూచీల్లో) ఫిషర్ సూత్రం జవాబు లాస్పేర్, పాషే సూత్రాల జవాబుల మధ్య పడాలి. ఇవి చూసుకోవడానికి నిమిషం పట్టదు.

చదివే తీరు: వీడియోలో లెక్క చేస్తుంటే అన్నీ వచ్చినట్టే ఉంటాయి, పెన్ను పట్టుకుంటే రావు. అరగంట చూస్తే గంట చేయండి. వారానికి ఐదు రోజులు, రోజుకు గంటన్నర, రెండు పేపర్లూ మార్చి మార్చి. పాత ప్రశ్నపత్రాలు ఐదు సంపాదించండి. ఆఖరి మూడు వారాలు ఆదివారం పూట ఫోన్ పక్క గదిలో పెట్టి, గడియారం చూసుకుని పూర్తి పేపరు రాయండి.

కాలేజీలో ఎగ్జామ్ సెక్షన్‌కు ఈ వారమే వెళ్లి అడగండి: రెండో సెమిస్టర్ బ్యాక్‌లాగ్ విడిగా పెడతారా, నాలుగో సెమిస్టర్ పరీక్షలతోనా? ఫీజు కట్టే ఆఖరు తేదీ ఎప్పుడు? పాత ఇంటర్నల్ మార్కులు అలాగే ఉంటాయా? ఫైనల్ పేపర్లో విడిగా కనీస మార్కులు రావాలా? ఆ జవాబులతో ఎన్ని మార్కులు తెచ్చుకోవాలో తేలుతుంది. చాలామందికి అది అనుకున్నదానికంటే తక్కువే ఉంటుంది.

క్లాసులు మానడం ఆపండి. చాలా యూనివర్సిటీలు 75 శాతం హాజరు అడుగుతాయి. ఒక సబ్జెక్టులో మొత్తం 60 క్లాసులనుకుంటే 45 ఉండాలి. ఇప్పటికి 40 జరిగి మీరు 26 కే వెళ్లుంటే, మిగిలిన 20 లో 19 కి వెళ్లాల్సిందే. పోయిన రెండు పేపర్లకు తోడు, హాజరు చాలక ఇంకో సెమిస్టర్ పోగొట్టుకోవద్దు. క్లాసులో ఇంగ్లిష్‌లో మాట్లాడే భయం గురించి మీరు రాయలేదు గానీ, బహుశా అదీ ఉండే ఉంటుంది. గ్రూప్ ప్రెజెంటేషన్లో రెండు నిమిషాల భాగం అడిగి తీసుకోండి, ఐదు వాక్యాలు రాసుకుని గదిలో గట్టిగా చదవండి. ధరలు రోజూ మారే సరుకు గురించి మాట్లాడాల్సి వస్తే, మీ క్లాసులో మీకంటే తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉండరు.

బ్యాక్‌లాగ్ పరీక్షల ఫలితాలు వచ్చాక చదువు సంగతి మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి, అక్క, నాన్నగారు, మీరు ముగ్గురూ. ఒక్క పేపరైనా గట్టెక్కితే ఇక్కడే కొనసాగించండి. రెండూ మళ్లీ పోతే, బెంగళూరు ఖర్చు ఇంటికి భారమైతే, ఇగ్నోలో బీకామ్ లాంటి దూరవిద్య ఉంది, మదనపల్లెలోనే ఉండి పని చేసుకుంటూ చదవొచ్చు. అప్పుడది పారిపోవడం కాదు, లెక్క చూసుకుని వేసిన అడుగు.